తాళం తప్పని బజర్, తాళం తీసే ఆట

ఆర్డుయినో (మనం రాసిన కోడ్ ప్రకారం నడిచే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) కొన్నవాళ్లలో చాలామంది మొదటి రోజు ఎల్‌ఈడీ వెలిగిస్తారు, రెండో రోజు బజర్ అనే చిన్న మోత డబ్బా చేత పుట్టినరోజు పాట పాడిస్తారు, మూడో రోజు బోర్డుని డబ్బాలో పడేసి మర్చిపోతారు. నా బోర్డు కూడా ఏడాది పైగా అలాగే డబ్బాలో పడుంది. దాన్ని మళ్లీ బయటికి తీయించింది ఒక చిన్న ఆలోచన. బజర్ అడగ్గానే పాడేస్తే దానికి విలువేముంది? ఆడి గెలిచినవాళ్లకే ఒక్కో పాటా తెరుచుకోవాలి, కరెంటు పోయి వచ్చినా తెరిచింది తెరిచినట్టే ఉండాలి.

వీడియో గేముల్లో ఇది పాత విద్యే. 1997లో నింటెండో 64కి వచ్చిన గోల్డెన్‌ఐ ఆటలో ఫెసిలిటీ అనే అంచెని అన్నిటికన్నా కష్టమైన స్థాయిలో 2 నిమిషాల 5 సెకన్లలోపు ముగిస్తే, ఎన్ని తూటాలు తగిలినా చావని వరం దొరికేది. ఆ ఒక్క వరం కోసం అదే అంచెని వందసార్లు ఆడినవాళ్లున్నారు. మనం అంత పెద్ద ఆట చేయక్కర్లేదు. నాలుగు బటన్లు, నాలుగు దీపాలు, ఒక బజర్ చాలు.

చేయబోయేది జ్ఞాపకశక్తి ఆట. బోర్డు ఒక దీపం వెలిగించి ఒక స్వరం మోగిస్తుంది, మీరు అదే బటన్ నొక్కాలి. తర్వాత రెండు, ఆ తర్వాత మూడు, అలా వరస పెరుగుతూ పోతుంది. 1978లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ అమ్మిన సైమన్ అనే బొమ్మది ఇదే పద్ధతి. దాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరైన రాల్ఫ్ బేర్, ఇళ్లలో టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేముకి ఆద్యుడు కూడా.

ముందు సరైన బజర్ కొనండి

కావలసినవి: ఆర్డుయినో ఊనో (ఇక్కడి లెక్కలన్నీ ఆర్3 బోర్డువి), బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చుకునే పలక), నాలుగు పుష్ బటన్లు, నాలుగు రంగుల ఎల్‌ఈడీలు, వాటికి 220 ఓమ్స్ రెసిస్టర్లు నాలుగు, 100 ఓమ్స్‌ది ఒకటి, జంపర్ వైర్లు, ఒక పాసివ్ బజర్. హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో ఒక్క చుట్టు తిరిగితే అన్నీ దొరుకుతాయి.

ఈ పట్టీలో జాగ్రత్తగా చూడాల్సింది ఆ 'పాసివ్' అనే మాటనే. యాక్టివ్ బజర్ లోపల దాని సొంత సర్క్యూట్ ఉంటుంది, కరెంటు ఇస్తే చాలు ఒకే శ్రుతిలో కీ...మని కూస్తుంది. దాని చేత పాట పాడించడం అంటే కారు హారన్‌తో కచేరీ చేయించడమే. పాసివ్ బజర్‌కి ఆ సర్క్యూట్ ఉండదు. సెకనుకి ఎన్నిసార్లు ఆన్ ఆఫ్ చేస్తే అంత శ్రుతిలో మోగుతుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకేలాంటి నల్ల డబ్బాలు. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన పొట్లం మీద పాసివ్ అనే ఉంది, లోపల ఉన్నవి యాక్టివ్. ఆ సాయంత్రమంతా కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చున్నాను. కోడ్‌లో తప్పే లేదు.

కనిపెట్టడం తేలికే. బజర్ రెండు కాళ్లని బోర్డులోని 5 వోల్టులకి, గ్రౌండ్‌కి ఒక్క క్షణం తాకించండి. ఆగకుండా కూస్తే యాక్టివ్, టక్కుమని ఒక్కసారి చప్పుడు చేసి ఊరుకుంటే పాసివ్. అయితే తాకించి వెంటనే తీసేయాలి. పాసివ్ బజర్లలో కొన్నిటి లోపల తీగచుట్ట ఉంటుంది, దాని రెసిస్టెన్స్ 16 ఓమ్స్ దాకా తక్కువగా ఉండొచ్చు. అలాంటిదాన్ని నేరుగా పిన్‌కి తగిలిస్తే పిన్‌కే ముప్పు. ఊనోలో ఒక్కో పిన్ నుంచి 20 మిల్లీ ఆంపియర్లకి మించి లాగకపోవడం మంచిది, 40 దాటితే చిప్ పాడైనా ఆశ్చర్యం లేదు. ఆ 100 ఓమ్స్ రెసిస్టర్ అందుకే. తీగచుట్ట రెసిస్టెన్స్ మరీ తక్కువైన బజర్‌కి 100 కూడా చాలదు, 220 పెట్టండి, చప్పుడు కాస్త తగ్గుతుంది, అంతే.

వైర్లు

బజర్ ఒక కాలు రెసిస్టర్ గుండా 8వ పిన్‌కి, రెండోది గ్రౌండ్‌కి. ఎల్‌ఈడీల పొడుగు కాళ్లు 220 ఓమ్స్ గుండా 6, 7, 9, 10 పిన్లకి, పొట్టి కాళ్లు గ్రౌండ్‌కి. బటన్లు 2, 3, 4, 5 పిన్లకి, అవతలి కాళ్లు గ్రౌండ్‌కి.

బటన్‌కి నాలుగు కాళ్లుంటాయి, వాటిలో రెండేసి ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఏవి కలిసున్నాయో గుర్తుపెట్టుకోలేక నేను ఎప్పుడూ ఐమూలగా ఉన్న రెండు కాళ్లే వాడతాను. బటన్‌ని ఎటు తిప్పి గుచ్చినా ఆ జత తప్పదు.

బటన్ పిన్లని 'ఇన్‌పుట్ పులప్' పద్ధతిలో పెట్టండి. అప్పుడు విడిగా రెసిస్టర్లు అక్కర్లేదు, కానీ లెక్క తిరగబడుతుంది: వదిలేసి ఉంటే 1, నొక్కితే 0. పైగా బటన్‌ని ఒక్కసారి నొక్కినా లోపలి రేకులు అదిరి, నాలుగైదుసార్లు నొక్కినట్టు బోర్డుకి కనిపిస్తుంది. నొక్కుడు కనబడగానే 30 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చూడండి, అప్పటికీ 0 ఉంటేనే లెక్కలోకి తీసుకోండి. ఆ తర్వాత వేలు తీసేదాకా ఆగడం కూడా మర్చిపోవద్దు.

సరిగమలు అంకెల్లోకి

ఆర్డుయినోలో 'టోన్' అనే ఆదేశం ఉంది. (కోడ్‌లో ఈ పేర్లన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే టైప్ చేయాలి, పెద్దక్షరం చిన్నక్షరం తేడా కూడా పట్టించుకుంటుంది.) దానికి మూడు అంకెలిస్తాం: పిన్ నంబరు, సెకనుకి ఎన్ని కంపనాలు, ఎన్ని మిల్లీసెకన్లు. 8, 440, 500 అని ఇస్తే 8వ పిన్ మీద 440 హెర్ట్జ్ స్వరం అర సెకను మోగుతుంది. ఊనోలో ఇది 31 హెర్ట్జ్‌కి తగ్గితే పలకదు. ఒకసారికి ఒక్క స్వరమే. ఇది చిప్‌లోని 'టైమర్2' అనే గడియారాన్ని వాడుకుంటుంది కాబట్టి 3, 11 పిన్ల మీద ఎల్‌ఈడీని మెల్లగా వెలిగించి ఆర్పే పనులేవీ పెట్టుకోవద్దు. 3వ పిన్‌ని మనం బటన్‌కే వాడుతున్నాం, ఇబ్బంది లేదు.

స్వరానికి ఎన్ని హెర్ట్జ్ అన్న పట్టికలు బోలెడు దొరుకుతాయి, అన్నీ పియానో పేర్లతో. మనకి సంగీతం పాఠాల్లో అలవాటైన పేర్లతో చేసుకుంటే పాట రాసుకోవడం తేలిక. మన పద్ధతిలో షడ్జం ఎక్కడైనా పెట్టుకోవచ్చు. నేను 523 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. దానికి సగమైన 262 దగ్గర పెడితే గొంతుకి హాయి, కానీ చిన్న బజర్‌కి కింది స్వరాలు బలంగా పలకవు. రెండు మూడు వేల హెర్ట్జ్ చుట్టుపక్కల అయితే చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. 523 నుంచి 1047 దాకా ఉన్న స్థాయి ఈ రెంటికీ మధ్య రాజీ.

సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ రాగం ఈ షడ్జం మీద ఇలా వస్తుంది:

స 523, రి 554, గ 659, మ 698, ప 784, ద 831, ని 988, పై స 1047.

మోహనం కావాలంటే స 523, రి 587, గ 659, ప 784, ద 880, పై స 1047. ఇంకో రాగం కావాలంటే మీరే లెక్కకట్టుకోవచ్చు. ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి 1.0595తో గుణించాలి, అలా పన్నెండుసార్లు గుణిస్తే రెట్టింపై పై షడ్జం వస్తుంది. దశాంశాలు వదిలేసినా ఫర్వాలేదు. అసలు విలువ 523.25 అయినచోట 523 పెడితే, ఆ తేడా రెండు పక్క స్వరస్థానాల మధ్య దూరంలో వందో వంతు కూడా ఉండదు.

గమకాల సంగతి మాత్రం ముందే చెప్పేస్తాను. బజర్‌కి గమకం రాదు. 554 నుంచి 659కి పది మిల్లీసెకన్లకో అడుగు చొప్పున ఎనిమిది అడుగుల్లో జారిస్తే జారు లాంటిది వినిపిస్తుంది, సరదాకి బాగుంటుంది. గమకాలే ప్రాణమైన తోడి రాగం జోలికి మాత్రం వెళ్లకండి.

అసలు పని తాళంలోనే ఉంది

బజర్ పాట వినలేకపోతున్నామంటే చాలామంది శ్రుతిని తప్పుపడతారు. నా అనుభవంలో పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పు కాలంలోనే ఉంటుంది. జంట స్వరాలతో పరీక్షించుకోండి:

సస రిరి గగ మమ | పప దద నిని సస

ఒక్కో స్వరానికి 300 మిల్లీసెకన్లు టోన్ ఇచ్చి, 300 మిల్లీసెకన్లు డిలే (అంతసేపు ఆగమనే ఆదేశం, టోన్ మొదలైన క్షణం నుంచే దీని లెక్క) పెట్టి నడిపించండి. సస అని రెండుగా రాదు, 'సా' అని ఒకే పొడుగు స్వరం వస్తుంది. మొదటి స ముగిసిన క్షణమే రెండో స మొదలవడం వల్ల మధ్యలో ఊపిరి లేదు. మనిషైతే తెలియకుండానే చిన్న ఒత్తు ఇచ్చి విడదీస్తాడు, బజర్‌కి ఆ పని మనం చెప్పాలి.

కొందరు దీనికి డిలేని పెంచేస్తారు: 300 మోగించి 390 ఆగుతారు. స్వరాలు విడతాయి, నిజమే, కానీ పాట మొత్తం నిదానిస్తుంది. నాకు నచ్చిన పద్ధతి వేరు. స్వరానికి కేటాయించిన కాలం 300 అయితే 300కే కట్టుబడాలి. అందులో 270 మోగాలి, మిగతా 30 మౌనం. అంటే టోన్‌కి 270, డిలేకి 300. ఈ ఒక్క మార్పుతో సస, రిరి విడివిడిగా, గురువుగారు వేలితో తాళం వేస్తున్నట్టు పలుకుతాయి.

మౌనాన్ని పదో వంతుగా పెట్టాను కానీ ఒక మెలిక ఉంది. మొదటి కాలంలో స్వరానికి 600 అనుకుంటే రెండో కాలంలో 300, మూడో కాలంలో 150. పదో వంతు లెక్కన మూడో కాలంలో మౌనం 15 మిల్లీసెకన్లే, అది చెవికి సరిగా ఆనదు. అందుకే పదో వంతు, 20 మిల్లీసెకన్లు, ఈ రెంట్లో ఏది ఎక్కువైతే అది తీసుకోమని రాయండి. దీర్ఘ స్వరాలకి మౌనం మరీ ఎక్కువైందనిపిస్తే 60 దగ్గర ఆపేయండి.

పాటని రాసుకునే తీరు: స్వరానికో సంఖ్య (స అంటే 1, రి అంటే 2, పై స అంటే 8, విరామం అంటే 0), దాని పక్కన అది ఎన్ని అక్షరకాలాలు నిలవాలో ఇంకో సంఖ్య. మోహనంలో నేను కట్టుకున్న చిన్న ముక్క ఇది, దీన్నే మొదటి బహుమతిగా పెట్టాను:

గ1 ప1 ద2 | పైస1 ద1 ప2 | గ1 ప1 గ1 రి1 | స4

ఒక అక్షరకాలం 200 మిల్లీసెకన్లు. వేగం మార్చాలంటే ఆ ఒక్క అంకె మారిస్తే చాలు. నేరుగా మిల్లీసెకన్లలో రాసుకుంటే నలభై చోట్ల దిద్దాలి.

ఇలా రాయడంలో ఇంకో లాభం. ఊనోలో ర్యామ్ 2 కిలోబైట్లే. స్వరాన్ని హెర్ట్జ్‌లోనూ కాలాన్ని మిల్లీసెకన్లలోనూ దాస్తే ఒక్కో స్వరానికి నాలుగు బైట్లు, నలభై స్వరాల పాటకి 160, ఎనిమిది పాటలకి 1280. ర్యామ్‌లో సగం కన్నా ఎక్కువ పాటలకే పోతుంది. చిన్న సంఖ్యలుగా రాస్తే అందులో సగమే. ఆ పట్టికలకి 'ప్రోగ్‌మెమ్' అనే మాట తగిలిస్తే అవి 32 కిలోబైట్ల ఫ్లాష్‌లోనే ఉండిపోతాయి, ర్యామ్ జోలికే రావు. చదివేటప్పుడు మాత్రం 'పీజీఎమ్ రీడ్ బైట్' ద్వారా చదవాలి. నేరుగా చదివితే చెత్త స్వరాలు పలుకుతాయి, ఎందుకో అర్థంకాక జుట్టు పీక్కుంటారు.

డిలే వాడినంతసేపూ బోర్డుకి ఇంకేమీ పట్టదు. పాట మధ్యలో బటన్ నొక్కి ఆపాలంటే కుదరదు. బహుమతి పాట రెండోసారి వినేసరికే ఎవరికైనా దాటేయాలనిపిస్తుంది, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. బోర్డు ఆన్ అయ్యాక ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చెప్పే 'మిల్లీస్' వాడండి. ఇప్పుడు ఎన్నో స్వరం, అది ఎప్పుడు మొదలైంది అని రెండు సంఖ్యలు గుర్తుపెట్టుకుని, లూప్ (బోర్డు ఆగకుండా మళ్లీ మళ్లీ నడిపే కోడ్ భాగం) తిరిగినప్పుడల్లా దాని కాలం తీరిందా అని చూసి, తీరితే తర్వాతి స్వరం మొదలుపెట్టడమే. టోన్ తన పని తాను చూసుకుంటుంది, మోగించి వెంటనే మనకి పగ్గాలు ఇచ్చేస్తుంది.

ఆట నడక

నాలుగు బటన్లకి నాలుగు స్వరాలు: స, గ, ప, ద. ఈ నాలుగూ మోహనంలోవే. పక్కపక్కన ఒరుసుకునే స్వరస్థానాలు లేవు కాబట్టి ఏ వరసలో పడ్డా వినసొంపుగానే ఉంటుంది. యాదృచ్ఛికంగా పుట్టే వరస కదా, మాయామాళవగౌళలోని స రి పక్కపక్కన పదేపదే పడితే ఆడేవాళ్లకి చిరాకొస్తుంది.

యాదృచ్ఛికం అన్నాను గానీ, బోర్డు ఆన్ చేసిన ప్రతిసారీ 'ర్యాండమ్' ఒకే వరస ఇస్తుంది. రెండు రోజులు ఆడితే పిల్లలకి కంఠతా వచ్చేస్తుంది. ఆట మొదలుపెట్టడానికి బటన్ నొక్కిన క్షణంలో 'మైక్రోస్' (మిల్లీస్ లాంటిదే, మైక్రోసెకన్లలో) విలువ ఎంతుందో దాన్ని వరసకి మొదలు నిర్ణయించే 'ర్యాండమ్‌సీడ్'కి ఇవ్వండి. మైక్రోసెకన్ల తేడాతో ఒకేలా నొక్కడం ఎవరి వల్లా కాదు.

దీపం, స్వరం కలిపి 400 మిల్లీసెకన్లు, మధ్యలో 100 ఖాళీ. ఐదు మెట్లకోసారి 400ని 60 చొప్పున తగ్గించండి, 220 కన్నా కిందికి వద్దు. తప్పు నొక్కితే 150 హెర్ట్జ్ బర్రుమని ముప్పావు సెకను. ఆ లోతు స్వరం బజర్‌కి సరిగా పలకదని ఇందాక చెప్పాను కదా, ఓడినప్పుడు ఆ బొంగురు గొంతే సరిపోతుంది.

పాటకి తాళం వేయడం

ఏ పాటలు తెరుచుకున్నాయో ర్యామ్‌లో పెడితే స్విచ్ తీయగానే గాలికి పోతుంది. ఊనో చిప్‌లో ఈఈప్రామ్ అని 1024 బైట్ల చోటు ఉంది (ఒక్కో బైట్ ఒక గది అనుకోండి), కరెంటు లేకపోయినా అందులో రాసింది చెరగదు. కోడ్ మళ్లీ అప్‌లోడ్ చేసినా మామూలుగా అలాగే ఉంటుంది.

ఎనిమిది పాటలకి ఒక్క బైట్ చాలు, ఎనిమిది బిట్లు కదా. మొదటి పాట తెరుచుకుంటే మొదటి బిట్ 1, లేకపోతే 0. నా లెక్క ప్రకారం 4 మెట్లు దాటితే మొదటి పాట, 7కి రెండోది, 10కి మూడోది, 14కి నాలుగోది. మొదటిది తేలికగా దొరకాలి. ఒకటి తెరుచుకున్నాకే ఇంకా ఏవో ఉన్నాయన్న యావ పుడుతుంది.

అంతా రాసి, కొత్త బోర్డులోకి ఎక్కించి, సెలవులకి వచ్చిన మా మేనకోడలి చేతికిచ్చాను. రెండో మెట్టులోనే ఓడిపోయింది. పాటలు ఒక్కొక్కటే మోగించి చూసి, "మావయ్యా, ఇదేం ఆట? ఓడినా అన్ని పాటలూ పాడుతోంది!" అంది. నిజమే, ఎనిమిదీ తెరుచుకునే ఉన్నాయి. ఎప్పుడూ ఏమీ రాయని ఈఈప్రామ్ బైట్‌లో 0 ఉండదు, 255 ఉంటుంది. అంటే ఎనిమిది బిట్లూ 1. ఖజానాకి తాళాలన్నీ తీసి కాపలా పెట్టినట్టయింది.

దీనికి మందు ఒక గుర్తు పెట్టుకోవడం. సున్నా నంబరు గదిలో ఏదో ఒక సంఖ్య, నాది 77. బోర్డు ఆన్ కాగానే అక్కడ 77 ఉందా అని చూడాలి. లేకపోతే ఇది కొత్త బోర్డు అన్నమాట: ఒకటో గదిలో 0 రాసి, ఆ తర్వాత సున్నా గదిలో 77 రాయాలి. వరస ముఖ్యం. ముందు 77 రాశాక కరెంటు పోతే, మళ్లీ అదే 255 కథ.

రాయడానికి 'రైట్' కాకుండా 'అప్‌డేట్' వాడండి. ఉన్న విలువే మళ్లీ రాయమంటే అప్‌డేట్ ఊరుకుంటుంది, రైట్ మాత్రం మళ్లీ రాస్తుంది. ఒక్కో గది లక్షసార్లు రాయడానికి తట్టుకుంటుందని చిప్ తయారీదారు చెప్పే లెక్క. పాటల తాళాలు తెరుచుకునేది మొత్తం ఎనిమిదిసార్లే కాబట్టి భయం లేదు. పొరపాటున ఆ రాత వాక్యాన్ని లూప్‌లో పెట్టారో, ఒక్కో రాతకి 3.3 మిల్లీసెకన్లు కాబట్టి ఆరు నిమిషాల్లోపే ఆ లక్షా అయిపోతుంది. (ఈఎస్‌పీ32 బోర్డు వాడుతుంటే చివర్లో 'కమిట్' అనకపోతే అసలేమీ దాచదు, అది వేరే తలనొప్పి.)

తాళం తెరుచుకున్న క్షణాన స గ ప పైస అని 80 మిల్లీసెకన్ల చొప్పున ఎక్కించి, చివరి స్వరాన్ని 400 నిలపండి. నాలుగు దీపాలూ ఒకేసారి వెలగాలి. అసలు పాట ఆ తర్వాతే.

ఒక దొంగ దారి

1986లో గ్రేడియస్ ఆటని ఇంటి గేమ్ మెషీన్‌కి మార్చేటప్పుడు, పరీక్షించడానికి ఆట మరీ కష్టంగా ఉందని కజుహిసా హషిమొతో ఒక సంకేతం పెట్టుకున్నాడు: పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. అది ఆటలోనే మిగిలిపోయి, ఆ ఆట చేసిన కంపెనీ పేరుతో కొనామి కోడ్‌గా లోకమంతా పాకింది. కాంట్రా అనే ఇంకో ఆటలో ముప్పై ప్రాణాలిచ్చిందీ అదే. మన ఆటలో ఎనిమిదో పాటకి మెట్లతో సంబంధం లేకుండా ఇలాంటి దారి పెట్టండి: ఎరుపు ఎరుపు, నీలం నీలం, పసుపు ఆకుపచ్చ, పసుపు ఆకుపచ్చ. ఇది ఆట మొదలవక ముందు పనిచేయాలి. ఆట మొదలుపెట్టే నొక్కుడు రెండు సెకన్లు పట్టి ఉంచేదిగా పెట్టుకుంటే రెండూ కలగాపులగం కావు.

దీన్ని రాసే తేలిక పద్ధతి అందరికీ తడుతుంది: సరైన బటన్ నొక్కితే లెక్క ఒకటి పెంచు, తప్పితే సున్నాకి దించు. అందులో గుంట ఉంది. ఎవరైనా ఎరుపుని పొరపాటున మూడుసార్లు నొక్కి, తర్వాత అంతా సరిగ్గా నొక్కారనుకోండి. చివరి ఎనిమిది నొక్కుళ్లూ సరైనవే. కానీ మూడో ఎరుపు దగ్గర లెక్క సున్నాకి పడిపోయింది కాబట్టి తలుపు తెరుచుకోదు. సున్నాకి కాక ఒకటికి దించినా కుదరదు, నిజానికి అక్కడ రెండు ఎరుపులు చేతిలో ఉన్నాయి. ఈ తిప్పలన్నీ లేకుండా, చివరి ఎనిమిది నొక్కుళ్లని ఒక వరసలో దాచండి. కొత్తది రాగానే అన్నిటినీ ఒక గడి వెనక్కి జరిపి చివర్లో కొత్తది పెట్టి, మొత్తం వరసని సంకేతంతో పోల్చండి. ఎనిమిది పోలికలు బోర్డుకి లెక్కలోవి కావు.

ఎనిమిదో పాటని మాత్రం మిగతావాటికన్నా వింతగా పెట్టండి. నేను దాన్ని రెండు గొంతుల పాటగా చేశాను. బజర్‌కి ఒకే గొంతు అన్నాను కదా, పాత ఆటల్లో వాడిన కిటుకు ఒకటుంది: స, ప రెంటినీ 25 మిల్లీసెకన్లకోసారి మార్చి మార్చి మోగిస్తే చెవి వాటిని కలిపి వింటుంది, బుడబుడమంటూ తుళ్లే ఒక జోడు స్వరం పుడుతుంది. ఇక్కడ ఇందాకటి మౌనం సూత్రం వర్తించదు, 25కి 25 మోగాల్సిందే.

తాళాలన్నీ మళ్లీ వేయాలంటే

కొత్తవాళ్లు ఆడాలంటే పాతవాళ్ల గెలుపులు చెరిపేయాలి. ఎరుపు, నీలం రెండూ కలిపి నొక్కిపట్టి బోర్డు ఆన్ చేస్తే, మూడు సెకన్ల తర్వాత ఒకటో గదిలో 0 రాసేలా పెట్టండి. ఆ మూడు సెకన్లూ దీపాలు ఒక్కొక్కటే ఆరుతూ రావాలి, పొరపాటున పట్టుకున్నవాళ్లు వేలు తీసేయడానికి. నేను మొదట అలా పెట్టలేదు. మేనకోడలు 14 మెట్లు దాటిన రోజు సాయంత్రం, వాళ్ల తమ్ముడు ఆడదామని బోర్డు తీసుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఆన్ చేశాడు. ఆ తర్వాత ఇంట్లో మోగింది బజర్ కాదు.